రెండు నెలల కొలువు: సంతకానికి ముందు ఒక రాత్రి

రాయచోటిలో గల్ఫ్ ఊసు లేని వీధి అరుదు. ఏ ఇంటి గడప తొక్కినా కువైట్‌లో ఉన్న కొడుకు గురించో, సౌదీ నుండి తిరిగి వచ్చిన అల్లుడి గురించో మాట వస్తుంది. వాన నమ్మకం లేని నేల, ఏటేటా లోతుకు పోయే బోర్లు, చేతికి వచ్చే వరకు భరోసా లేని వేరుశనగ పంట ఈ ప్రాంతపు మనుషులను దశాబ్దాలుగా సముద్రం దాటిస్తూనే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో అన్నమయ్య జిల్లా ఏర్పడి, రాయచోటి దాని కేంద్రం అయినప్పుడు పట్టణంలో కార్యాలయాలు పెరిగాయి గాని విమానమెక్కే వారి సంఖ్య తగ్గిన జాడ మాత్రం మాకు కానరాలేదు.

అయితే ఇంతకాలం ఇక్కడి నుండి వెళ్ళినవారు అధికంగా డ్రైవర్లు, ఇంటిపనివారు, తాపీ పనివారు. ఇప్పుడు వారి బిడ్డలు చదువుకున్నారు. బీఎడ్ పూర్తి చేసి ప్రైవేటు పాఠశాలల్లో పాఠాలు చెబుతున్నారు. తండ్రి కువైట్ ఎండలో సంపాదించిన సొమ్ముతో చదువుకున్న కొడుకు గణితం బోధిస్తూ, తండ్రి సంపాదించిన దానికన్నా తక్కువ జీతానికి ఊళ్ళోనే ఉంటున్నాడు. పైగా అనేక ప్రైవేటు పాఠశాలల్లో వేసవి సెలవుల జీతం ఉండదు. ఏప్రిల్ చివరి వారంలో బడి మూతపడితే జూన్ రెండవ వారంలో తెరిచే వరకు ఆ ఇంటి ఖర్చు ఎలా గడుస్తుందో ఎవరూ అడగరు.

అటువంటి ఒక ఇంటికి గత వేసవిలో మేము వెళ్ళాము. ఇషా నమాజు ముగిసిన తరువాత మసీదు మెట్ల మీద ఒక పెద్దాయన మా చేయి పట్టుకుని, "సాబ్, మా వాడికి బయటి దేశం నుండి కాగితం వచ్చింది. రేపటిలోగా సంతకం పెట్టి పంపాలట. మీరొకసారి చూడండి" అన్నారు. ఆయన పద్నాలుగు సంవత్సరాలు కువైట్‌లో ఖాదిం వీసా మీద డ్రైవరుగా పనిచేసి వచ్చినవారు. కొడుకు ఎమ్మెస్సీ, బీఎడ్. కోడలు కూడా బీఎడ్ చేసినదే. ఇంట్లో అక్టోబరులో కూతురి నికాహ్ నిశ్చయమై ఉంది. కాగితం ఏమిటంటే, యూఏఈలోని ఒక నగరంలో ఒక శిక్షణా కేంద్రం జులై, ఆగస్టు నెలలలో నడిపే వేసవి శిబిరంలో పిల్లలకు గణితం, ఇంగ్లీషు బోధించే పని. నెలకు 3,000 దిర్హాములు. నివాసం ఉచితం. కాగితం వాట్సాప్‌లో వచ్చింది. పంపినవాడు ఈ ఇంటికి దూరపు బంధువు.

అమ్మీ చాయ్ తెచ్చి పెట్టారు. మేమందరం చాప మీద కూర్చుని ఆ రెండు పుటల కాగితాన్ని మొదటి అక్షరం నుండి చదివాము. ఆ రాత్రి తేలిన సంగతులు ఈ ప్రాంతంలోని అనేక కుటుంబాలకు పనికివస్తాయన్న నమ్మకంతో, ఆ ఇంటివారి అనుమతితో, పేర్లు లేకుండా ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట మాకు తట్టిన చిక్కు కాలానిది. వేసవి అంటే మనకు ఏప్రిల్, మే. గల్ఫ్ దేశాలలోని బడులకు వేసవి సెలవులు జులై, ఆగస్టు. అక్కడి భారతీయ పాఠశాలలు కూడా విద్యాసంవత్సరాన్ని ఏప్రిల్‌లో మొదలుపెట్టి, మధ్యలో ఆ రెండు నెలలు మూసివేస్తాయి. కనుక అక్కడి వేసవి శిబిరానికి పాఠం చెప్పడానికి మన ఉపాధ్యాయుడు వెళ్ళే వేళకు ఇక్కడ బడి తెరిచి నెల కావస్తుంది. సెలవుల ఖాళీ కాలంలో నాలుగు డబ్బులు సంపాదించుకోవడమనే ఆలోచనే ఇక్కడ చెల్లదు. ఆ యువకుడు అప్పటివరకు ఈ సంగతి గమనించలేదు. "జులైలో సెలవు అడిగితే మా యాజమాన్యం ఇంకొకరిని పెట్టుకుంటుంది, భాయ్ సాబ్" అన్నాడు, కాస్త ఆగి. రెండు నెలల కొలువు కోసం పన్నెండు నెలల కొలువు వదులుకోవలసి వస్తుందన్నమాట.

అప్పుడు కోడలు లోపలి నుండి ఒక నోటు పుస్తకం, పెన్ను తెచ్చి లెక్క మొదలుపెట్టింది. ఆ లెక్కను అలాగే చెబుతాము, ఎందుకంటే ఇటువంటి పత్రాలను చూసి మురిసిపోయేవారు వచ్చే సొమ్మును మాత్రమే లెక్కిస్తారు. రెండు నెలలకు 6,000 దిర్హాములు. దిర్హాముకు 23 రూపాయల చొప్పున 1,38,000 రూపాయలు. ఈ మొత్తం చూసే ఆ ఇంట్లో అందరి ముఖాలు వెలిగాయి. ఇక పోయేది: బంధువు అడిగిన ‘సర్వీసు ఛార్జీ’ 45,000. బెంగళూరు నుండి రానుపోను టికెట్టు సుమారు 25,000. పట్టాల ధ్రువీకరణకు 20,000 అన్నారు. భోజనం తామే చూసుకోవాలని పత్రంలో ఉంది, దానికి నెలకు 600 దిర్హాముల చొప్పున రెండు నెలలకు 27,600 రూపాయలు. బస్సు, బట్టలు, సిమ్ కార్డు వంటి చిల్లర ఖర్చు 6,000. ఇవన్నీ తీసివేస్తే మిగిలేది 14,400 రూపాయలు. ఇక్కడ వదులుకునే జీతం నెలకు 18,000 చొప్పున 36,000. అంటే రెండు నెలలు ఇంటికి దూరంగా ఉండి, అన్నీ సవ్యంగా జరిగితే, చివరకు 21,600 రూపాయల నష్టం.

కోడలు ఆ చివరి అంకె కింద రెండు గీతలు గీసింది. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

స్వల్పకాలపు కొలువులో ఉన్న మెలిక ఇదే. టికెట్టు, వీసా, వైద్య పరీక్ష, పట్టాల ధ్రువీకరణ వంటి ఖర్చులు కొలువు రెండు నెలలైనా, రెండేళ్ళయినా దాదాపు అంతే ఉంటాయి. రెండేళ్ళ ఒప్పందంలో అవి ఇరవై నాలుగు జీతాల మీద పరచుకుంటాయి. రెండు నెలల ఒప్పందంలో రెండు జీతాలనే కొరికి తింటాయి. కనుక ‘జీతం ఎంత’ అన్న ప్రశ్న కన్నా ‘ఈ ఖర్చులు ఎవరివి’ అన్న ప్రశ్న ఇక్కడ ముందు వస్తుంది. అదే లెక్కలో 45,000 రూపాయల ఛార్జీ లేకపోతే 21,600 నష్టం 23,400 లాభంగా మారుతుంది. టికెట్టు కూడా యజమాని ఇస్తే 48,400 మిగులుతుంది. జీతంలో ఒక్క దిర్హాము పెరగలేదని గమనించండి. (టికెట్ల విషయంలో ఒక చిన్న ఊరట ఉంది. జులైలో గల్ఫ్ కుటుంబాలు స్వదేశానికి వచ్చి ఆగస్టు చివరలో తిరిగి వెళతాయి. మన ఉపాధ్యాయుడు ఆ ప్రవాహానికి ఎదురుగా ప్రయాణిస్తాడు గనుక అతని టికెట్టు అంత ప్రియం కాదు.)

ఇంతకూ ఆ 45,000 ఎవరికి? బంధువు ‘ఆఫీసు ఖర్చు’ అన్నాడు. యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుండి అమలులో ఉన్న కార్మిక చట్టం నియామకపు ఖర్చులను యజమాని భరించాలనీ, ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని పనివాని నుండి వసూలు చేయరాదనీ స్పష్టంగా చెబుతున్నది. ఇక మన దేశంలో 1983 నాటి వలస చట్టం ప్రకారం విదేశీ కొలువులకు మనుషులను పంపే ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. అటువంటి ఏజెంటు తన సేవకు తీసుకోగల రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. నమోదైన ఏజెంట్ల పేర్లు విదేశాంగ శాఖ వారి ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. మేము ఆ రాత్రే ఫోనులో వెదికాము. బంధువు చెప్పిన ఆఫీసు పేరు అందులో లేదు. పెద్దాయన తల వంచుకుని, "మనవాడే కదా అనుకున్నాం" అన్నారు.

మనవాడే అనే మాట రాయలసీమ వలసలో ఎంత బలమైనదో మాకు తెలుసు. మొదట వెళ్ళినవాడు తమ్ముడిని, తమ్ముడు బావమరిదిని తీసుకుపోయి ఊళ్ళకు ఊళ్ళే నిలబడ్డాయి. ఆ నమ్మకాన్ని మేము తేలిక చేయడం లేదు. కాని ఇంటి డ్రైవరు పని ఇప్పించిన బంధువుకు ఆ ఇంటి యజమాని ముఖం తెలుసు. శిక్షణా కేంద్రం కాగితం పంపిన బంధువుకు ఆ కేంద్రం ఎక్కడున్నదో కూడా తెలియకపోవచ్చు. ఆ కాగితం అతనికీ ఇంకెవరో పంపినదే. ఇక్కడా అదే జరిగిందని తరువాత తేలింది.

ఇక వీసా మాట. పత్రంలో జీతం ఉంది, పని గంటలు ఉన్నాయి, బసకు ఒక వాక్యం ఉంది. వీసా ఏ తరగతిదో మాత్రం లేదు. బంధువుకు ఫోను చేస్తే, "ముందు విజిట్ మీద రమ్మను, అక్కడికి వచ్చాక మారుస్తారు" అన్నాడు. పద్నాలుగేళ్ళు కువైట్‌లో ఉండివచ్చిన పెద్దాయన ఆ మాట వినగానే నిటారుగా కూర్చున్నారు. సందర్శకుల వీసా మీద పనిచేయడం అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

సందర్శకుడిగా వెళ్ళి పనిచేసేవాడు ఆ దేశపు చట్టం దృష్టిలో పనివాడే కాడు. నెల చివర జీతం ఇవ్వకపోతే కార్మిక శాఖకు వెళ్ళి చెప్పుకోవడానికి అతని చేతిలో పని అనుమతి ఉండదు. చెప్పుకుంటే ముందు తన తప్పే బయటపడుతుంది. అనుమతి లేకుండా మనుషులను పనిలో పెట్టుకునే యజమానులకు యూఏఈ 2024లో జరిమానాను లక్ష దిర్హాముల నుండి పది లక్షల దిర్హాముల వరకు పెంచింది. అంత జరిమానా ఉన్నచోట కూడా విజిట్ మీద రమ్మనే యజమాని ఉన్నాడంటే, తనిఖీ వచ్చిన నాడు అతను ఈ ఉపాధ్యాయుడిని ‘మావాడు కాదు’ అనకుండా ఉంటాడా? గడువు దాటి ఉండిపోతే రోజుకు 50 దిర్హాముల జరిమానా. మన లెక్కలో రోజుకు 1,150 రూపాయలు. 2024 సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు ఆ దేశం క్షమాభిక్ష ప్రకటించి, గడువు మీరి ఉండిపోయిన వారికి జరిమానా లేకుండా ఇంటికి వెళ్ళే దారి, లేదా పత్రాలు సరిచేసుకునే దారి ఇచ్చింది. అటువంటి అవకాశం ప్రతి ఏడాదీ వచ్చేది కాదు.

సక్రమమైన దారి లేదా అంటే ఉంది. యూఏఈ కార్మిక శాఖ నిడివి తక్కువైన పనులకు తాత్కాలిక పని అనుమతి ఇస్తుంది. ఇంటింటికీ వెళ్ళి ట్యూషను చెప్పేవారికి కూడా 2023 డిసెంబరులో ప్రత్యేక అనుమతి ప్రవేశపెట్టింది. అంటే ప్రైవేటుగా పాఠం చెప్పడం కూడా అక్కడ అనుమతి లేకుండా చేయదగిన పని కాదు. ‘శిబిరం అయ్యాక సాయంత్రం ట్యూషన్లు పట్టుకోవచ్చు’ అన్న బంధువు సలహా ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి గ్రహించవచ్చు. అసలైన కొలువుకు ఆ దేశపు కార్మిక శాఖ నమూనాలో ఒక ప్రతిపాదన పత్రం వస్తుంది. దానికి ఒక సంఖ్య ఉంటుంది. 2016 నుండి ఆ పత్రం అరబీ, ఇంగ్లీషులతో పాటు పనివానికి అర్థమయ్యే మరొక భాషలో కూడా ఇవ్వాలన్న నియమం ఉంది. అందుకు ఎంపిక చేసిన భాషలలో ఉర్దూ ఉంది, హిందీ, తమిళం, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. మన ఇళ్ళలో ఇది ఒక విచిత్రమైన పరిస్థితిని తెస్తుంది. ఉర్దూ మాట్లాడుతూ పెరిగి, తెలుగులోనో ఇంగ్లీషులోనో చదువుకున్న మన యువతలో ఉర్దూ లిపి చదవగలిగినవారు ఎందరు?

వాట్సాప్‌లో వచ్చిన కాగితానికి సంఖ్య లేదు, ముద్ర లేదు, అరబీ ముక్క లేదు. ఇంగ్లీషు మాత్రం చాలా అందంగా ఉంది.

కువైట్ విషయంలోనూ ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే రాయచోటి నుండి, రాజంపేట, రైల్వేకోడూరు నుండి వెళ్ళే వారిలో స్త్రీలు చాలామంది ఉన్నారు. కువైట్ నివాస వీసాలకు సంఖ్యలు ఉంటాయి. ప్రైవేటు సంస్థలో పనికి 18వ అధికరణం, ఇంటిపనికి 20వ అధికరణం. ‘టీచరు పని’ అని చెప్పి తెచ్చిన వీసా కాగితంపై 20 అని ఉంటే అది ఇంటిపని వీసానే. నోటితో ఏమి చెప్పినా కాగితం మీదున్న అంకెదే చెల్లుబాటు. బీఎడ్ చేసిన ఆడబిడ్డను పంపే తల్లిదండ్రులు కనీసం ఈ ఒక్క అంకెనైనా చూడాలి. ఇంకా బస ఎవరితో, గదికి ఎందరు, పనిచోటుకు రాకపోకలు ఎలా, తోడు ఎవరు అన్న ప్రశ్నలను మొహమాటం లేకుండా అడగాలి. షరీఅత్ దృష్టిలో స్త్రీ ఒంటరి ప్రయాణం గురించి ఉలమాలను ముందే అడిగి తెలుసుకోవాలి గాని టికెట్టు కొన్న తరువాత కాదు.

పాఠకులలో ఒకరికైనా ఈపాటికి సందేహం కలిగి ఉంటుంది. ఇంతమంది వెళుతుంటే ప్రభుత్వం చూడదా అని. చూస్తుంది, కాని అందరినీ కాదు. పదవ తరగతి చదవనివారి పాస్‌పోర్టుకు వలస తనిఖీ నిబంధన ఉంటుంది. గల్ఫ్‌తో సహా పద్దెనిమిది దేశాలకు వారు పనికి వెళ్ళాలంటే ఈ-మైగ్రేట్ ద్వారా అనుమతి పొందాలి. అప్పుడు యజమాని ఎవరు, జీతం ఎంత, బీమా ఉందా అన్నవి ఒక అధికారి కంటపడతాయి. ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండి ఉండాలన్న నియమం కూడా ఈ ఏర్పాటులోనిదే. పదవ తరగతి దాటిన వారికి ఈ తనిఖీ లేదు. చదువుకున్నవాడు తన కాగితం తాను చదువుకోగలడని చట్టం భావించింది. ఇటువంటి వారు కూడా 2019 జనవరి 1 నుండి తప్పనిసరిగా నమోదు చేసుకోవాలని 2018 నవంబరులో ప్రకటించి, విమర్శలు రాగా ఆ నెలలోనే ఆపివేశారు. ఇష్టమైతే నమోదు చేసుకోవచ్చు. ఫలితమేమంటే, పద్నాలుగేళ్ళ కింద డ్రైవరుగా వెళ్ళిన తండ్రి ఒప్పందాన్ని చూసే ఏర్పాటు ప్రభుత్వంలో ఉంది. ఎమ్మెస్సీ చదివిన కొడుకు ఒప్పందాన్ని ఇంట్లో చాప మీద కూర్చుని మేము తప్ప ఎవరూ చదవలేదు.

చదువుకున్నవారే మోసపోతారా అనుకుంటే 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా ఉదంతం గుర్తు చేసుకోవాలి. డేటా ఎంట్రీ కొలువులని నమ్మించి, సందర్శకుల వీసాల మీద పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠా అది. చిక్కుకున్నవారు చదువురాని వారు కారు, కంప్యూటరు తెలిసిన యువకులు.

పట్టాల సంగతి మేము కాస్త కఠినంగానే చెప్పాము. బంధువు అసలు పట్టాలను కొరియరులో పంపమన్నాడు. ధ్రువీకరణకు అసలు పట్టాలు అవసరమే. కాని అది రాష్ట్రంలో పరిశీలన, తరువాత విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర అనే వరుసలో జరిగే పని. విదేశాంగ శాఖ అధికారికంగా నియమించిన ఏజెన్సీలు ఉన్నాయి. వాటి రసీదు తీసుకుని స్వయంగా ఇవ్వవచ్చు. సౌదీ అరేబియా 2022 డిసెంబరు నుండి అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నందున అక్కడికి ఆ చివరి అంచె తప్పింది. ఈ పనికి వారాలు పడుతుంది గనుక ‘రేపటిలోగా’ అనేవాడికి పట్టాలు అసలు ఎందుకు కావాలి? బీఎడ్ పట్టా తాకట్టు పెట్టిన ఉపాధ్యాయుడు, ఆ కొలువు నచ్చకపోయినా నోరెత్తలేడు. పాస్‌పోర్టు మాట కూడా అంతే. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వపు ఆస్తి. దానిని పెట్టెలో పెట్టుకునే హక్కు ఏ యజమానికీ లేదు.

ఆ రాత్రి అమ్మీ ఒక మాట అన్నారు. "వాడు ఉమ్రా కూడా చేయిస్తానన్నాడు సాబ్. అందుకే నా మనసు లాగింది." మా మనసు కలుక్కుమన్నది. కొలువుకు ఉమ్రాను జోడించి చెప్పడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. యూఏఈకి సందర్శకుడిగా వెళ్ళినవాడికి సౌదీ వీసా వేరుగా కావాలి, ఖర్చు వేరుగా కావాలి. పత్రంలో ఆ మాట ఎక్కడా లేదు. పవిత్రమైన కోరికను ఎరగా వాడుకునేవాడి మాటను మామూలు మాట కన్నా రెండింతలు పరీక్షించాలి.

ఒప్పందాల విషయంలో మన ధర్మం మొహమాటానికి తావివ్వలేదు. దివ్య ఖుర్ఆన్‌లోని అన్నింటికన్నా సుదీర్ఘమైన ఆయత్ నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గడువుతో సహా వ్రాసుకోవడం గురించి, సాక్షుల గురించి. అది అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్. ఇక పరదేశంలో కొలువు మాటకు వస్తే మూసా (అలైహిస్సలాం) వృత్తాంతం కన్నా దగ్గరి ఉదాహరణ ఏముంది? అల్ ఖసస్ సూరా ప్రకారం ఆయన ఈజిప్టు విడిచి మద్యన్‌కు చేరినప్పుడు చేతిలో ఏమీ లేదు. తలదాచుకునే చోటు కూడా లేదు. అంతటి అవసరంలో ఉన్నవానితో సైతం ఆ మద్యన్ పెద్దాయన ముందే షరతు విప్పి చెప్పారు. ఎనిమిది సంవత్సరాల పని, పది పూర్తి చేస్తే అది నీ ఇష్టం, నిన్ను కష్టపెట్టడం నా ఉద్దేశం కాదని. మూసా (అలైహిస్సలాం) కూడా ఊరకే తల ఊపలేదు. రెండు గడువులలో ఏది పూర్తి చేసినా ఆపైన తనపై ఒత్తిడి ఉండరాదని తన వైపు మాటను స్పష్టం చేసి, అల్లాహ్‌ను సాక్షిగా నిలిపారు. గడువు తెలుసు, పని తెలుసు, ప్రతిఫలం తెలుసు, ముగింపు తెలుసు. ఫిఖహ్ పండితులు కూలి ఒప్పందంలో వేతనం, వ్యవధి స్పష్టంగా ఉండాలని చెప్పి, అస్పష్టతను ‘గరర్’గా పరిగణించడం ఈ స్ఫూర్తిలోనిదే.

ఆ యువకుడు, "ఇస్తిఖారా చేశాను భాయ్ సాబ్, కల ఏమీ రాలేదు" అన్నాడు. ఇస్తిఖారా కలల కోసం చేసేది కాదు. రెండు రకాతుల నమాజు చేసి, మేలైనదాన్ని సులభం చేయమని, కీడైనదాన్ని దూరం చేయమని అల్లాహ్‌ను వేడుకోవడం అది. విచారించడం, తెలిసినవారిని అడగడం మన వంతు. వీసా తరగతి తెలుసుకోకుండా కలల కోసం ఎదురుచూడటం రెండింటికీ న్యాయం చేయదు. ఇది విని పెద్దాయన చిన్నగా నవ్వారు.

చివరకు కోడలు ఆ నోటు పుస్తకంలోనే ప్రశ్నలు వ్రాసింది. ఏ తరగతి వీసా, ఎవరి పేరు మీద? కార్మిక శాఖ ప్రతిపాదన పత్రం సంఖ్య ఎంత? టికెట్టు రానుపోను ఎవరిది? తిరుగు టికెట్టు ముందే చేతికి ఇస్తారా? రెండవ నెల జీతం విమానమెక్కే ముందు ఇస్తారా, తరువాతా? శిబిరానికి పిల్లలు చాలినంత మంది రాక రద్దయితే ఏమిటి? ఈ ఆఖరి ప్రశ్న ఆమెదే, మాకు తట్టలేదు. వేసవి శిబిరాలు చేరే పిల్లల సంఖ్య మీద నడుస్తాయి. ఇరవై మంది అనుకున్నచోట ఆరుగురు వస్తే నిర్వాహకుడు మొదట తీసివేసేది రెండు నెలల ఉపాధ్యాయుడినే. చెల్లింపు తేదీ గురించిన ప్రశ్న కూడా చిన్నది కాదు. ఏడాది కొలువులో ఒక నెల జీతం ఆలస్యమైతే మరుసటి నెల అడగవచ్చు. రెండు నెలల కొలువులో రెండవ జీతం ఆలస్యమైతే అడగడానికి మనిషి ఆ దేశంలోనే ఉండడు.

ప్రశ్నలు ఇంగ్లీషులో టైపు చేసి బంధువుకు పంపారు. మరునాడు ఉదయం స్వరసందేశం వచ్చింది. ఇన్ని ప్రశ్నలు అడిగితే ఇంకొకరికి ఇచ్చేస్తారని, సీటుకు పోటీ ఉందని. సాయంత్రానికి 45,000 కాస్తా 30,000 అయింది. ఆ మరునాడు 20,000. వీసా ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. సంతకం పెట్టలేదు.

దీని ధర ఏమీ లేదని మేము అనము. ఆ ఇంటికి జూన్ వరకు జీతం రాలేదు. నికాహ్ ఖర్చుకు అప్పు చేయవలసి వచ్చింది. కొంత మహల్లా పెద్దలు ఖర్జె హసనాగా ఇచ్చారు, కొంత పెళ్ళి విందు తగ్గించుకోవడం వల్ల కలిసివచ్చింది. యువకుడు బడిలోనే కొనసాగుతూ, రాత్రిపూట గల్ఫ్‌లోని మన పిల్లలకే ఇక్కడి నుండి ఆన్‌లైన్‌లో గణితం చెప్పడం మొదలుపెట్టాడు. దాని ఆదాయం పెద్దగా లేదు, కాని వీసా అక్కరలేదు.

విదేశీ కొలువు విషయంలో సందేహం ఉన్నవారు విదేశాంగ శాఖ నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత ఫోను 1800 11 3090కు చేయవచ్చు. అప్పటికే వెళ్ళి చిక్కుల్లో ఉన్నవారి కోసం 2015 నుండి ‘మదద్’ పోర్టల్ ఉంది. రాష్ట్రంలో ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీ తెలుగులోనే మాట్లాడుతుంది.

ఈ వ్యాసం పూర్తి చేసే ముందు మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాము. ఈసారి ఒక పాఠశాల నుండి రెండేళ్ళ కొలువుకు ప్రతిపాదన వచ్చి ఉంది. కార్మిక శాఖ నమూనాలో, సంఖ్యతో, అరబీ, ఇంగ్లీషు, ఉర్దూ భాషలలో. కొడుకుకు ఉర్దూ లిపి రాదు. పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని బిగ్గరగా చదువుతున్నారు. కోడలు అదే నోటు పుస్తకం తెరిచి పక్కన కూర్చుంది. నోటీసు వ్యవధి అన్నచోట ఆయన ఆగి, "ఇది ఇంకోసారి ఇంగ్లీషులో చూడు బేటా, ఎన్ని రోజులని ఉంది?" అన్నారు.